వాన పడితే చాలు, చీనీ తోటలో లోరా నోడ్లు మాయం. ఎవరికైనా ఇలా అయిందా?

పుట్లూరు_చీనీ | అక్టోబరు 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా పుట్లూరు వైపు. 9 ఎకరాల చీనీ తోట, చెట్లకు 11 ఏళ్లు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తాను, తోట మా నాయన చూసుకుంటాడు. నెలకు రెండుసార్లు ఊరికి వెళ్తాను.

వేసవిలో కూర్చుని 6 నోడ్లు కట్టాను (నేల తేమ కొలిచి, లోరా అనే తక్కువ కరెంటు, ఎక్కువ దూరం రేడియోతో పంపే చిన్న డబ్బాలు). ఈఎస్‌పీ32 (చిన్న కంప్యూటర్ చిప్), లోరా చిప్ కలిసి ఉన్న బోర్డు, ఒక్కోదానికి రెండు కెపాసిటివ్ తేమ సెన్సర్లు, ఒక 18650 రీఛార్జి సెల్, అరచేతంత సోలార్ ప్యానెల్. అరగంటకో మెసేజ్. గేట్‌వే (నోడ్ల మెసేజ్‌లు అందుకునే పెట్టె) 8 ఛానెళ్లది, ఊళ్లో మా ఇంటి మిద్దె మీద ఉంది. అక్కడి నుంచి తోటకు 1.4 కిలోమీటర్లు. మధ్యలో వేరుశనగ, కంది పొలాలే, కొండలు గుట్టలు ఏమీ లేవు. ఆ మెసేజ్‌లను చూసుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్ చర్ప్‌స్టాక్, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య దాకా బాగానే ఉంది. చిన్న చినుకులకు ఏమీ కాలేదు. పెద్ద వానలు మొదలయ్యాక తంటా మొదలైంది. మొన్న వాన పడిన రాత్రి తోట నడిమధ్యలో ఉన్న 3, 4, 5 నోడ్లు ఒకేసారి పోయాయి. 3వది 29 గంటల తర్వాత దానంతట అదే వచ్చింది. 4వది 43 గంటలకు వచ్చింది. 5వది ఇప్పటికీ లేదు. గట్టు మీదున్న 1, 2, 6 నంబర్లకు ఏమీ కాలేదు.

డబ్బాల్లోకి నీళ్లు పోయి ఆరాక వచ్చాయని నా అనుమానం. కానీ నాయన 3వ డబ్బా విప్పి చూస్తే లోపల పొడిగా ఉంది, ఒక బల్లి మాత్రం ఉంది. ఎక్కడ వెతకాలో చెప్పండి. ప్రతి వానకూ టెన్షన్ అవుతోంది.

---

చెరువుగట్టు | అక్టోబరు 12, రాత్రి 10:15

మాది నల్గొండ అన్నా. మీరు చీనీ అంటున్నది మా బత్తాయే కదా. నాకు ఈ డబ్బాల గురించి తెలియదు గానీ వానాకాలంలో తేమ చూసే సెన్సర్ పని చేయకపోతే పోయేదేముంది? వాన పడిందని కంటికి కనపడుతుంది గదా 😀

---

పుట్లూరు_చీనీ | అక్టోబరు 12, రాత్రి 10:22

@చెరువుగట్టు నిజమే అన్నా, మా నాయన కూడా అదే అన్నాడు. కానీ డిసెంబరులో బెట్టకు వదులుతాం (మంచి పూత కోసం కొన్నాళ్లు నీళ్లు ఆపుతాం). అప్పటికి ఇది నమ్మకంగా పని చేయాలి. అసలు దీన్ని పెట్టిందే దానికోసం.

---

మైక్రోయాంప్ | అక్టోబరు 12, రాత్రి 11:05

నీళ్లు పోయి ఆరిన బోర్డు 43 గంటలకు లేచి మళ్లీ సక్రమంగా పని చేయడం అరుదు బ్రో. తుప్పు పట్టి చస్తుంది, లేదా రీసెట్ అయి కొత్తగా జాయిన్ అవుతుంది. సర్వర్ లాగ్‌లో మూడు విషయాలు చూసి చెప్పు. తిరిగి వచ్చినప్పుడు జాయిన్ రిక్వెస్ట్ ఉందా? ఫ్రేమ్ కౌంటర్ (మెసేజ్‌ల వరుస నంబర్) ఎంత నుంచి ఎంతకు దూకింది? పోకముందు, వచ్చాక స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఎస్‌ఎఫ్) ఎంత?

---

పుట్లూరు_చీనీ | అక్టోబరు 13, ఉదయం 7:30

చూశాను. జాయిన్ రిక్వెస్ట్ లేదు. 3వ నోడ్ కౌంటర్ 5411 నుంచి 5469కి దూకింది. అంటే మధ్యలో అది పంపుతూనే ఉంది, మనకే అందలేదు! పోకముందు ఎస్‌ఎఫ్ 8, వచ్చాక ఎస్‌ఎఫ్ 9. పోకముందు వారం రోజుల ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ బలం, డెసిబెల్‌లలో) సగటు -4 ఉంది, ఒకటి రెండు మెసేజ్‌లు మాత్రం +2 దాకా వచ్చాయి. 4వది కూడా దాదాపు ఇంతే.

---

మైక్రోయాంప్ | అక్టోబరు 13, ఉదయం 8:10

దొరికింది. డబ్బాలో తప్పేమీ లేదు. ఇది ఏడీఆర్ పని.

కొత్తవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. లోరాలో ఎస్‌ఎఫ్ 7 నుంచి 12 దాకా మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు ఎక్కితే మెసేజ్ గాలిలో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది, బదులుగా ఇంకో 2.5 డెసిబెల్ బలహీనమైన సిగ్నల్‌ను కూడా గేట్‌వే పట్టుకోగలుగుతుంది. ఎస్‌ఎఫ్ 7కి ఎస్‌ఎన్‌ఆర్ -7.5 దాకా చాలు, ఎస్‌ఎఫ్ 8కి -10, అలా ఎస్‌ఎఫ్ 12కి -20. ఏడీఆర్ ఆన్‌లో ఉంటే ఈ మెట్టు ఎంత ఉండాలో సర్వరే నిర్ణయిస్తుంది. చర్ప్‌స్టాక్ మామూలుగా ఆఖరి 20 మెసేజ్‌లలో *అన్నిటికంటే మంచి* ఎస్‌ఎన్‌ఆర్ తీసుకుని లెక్క వేస్తుంది. నీ విషయంలో అది +2 చూసి, జాగ్రత్తకు ఉంచే 10 డెసిబెల్ మార్జిన్ తీసేసినా ఎస్‌ఎఫ్ 8 చాలు అనుకుంది. కానీ నీ సగటు -4. అంటే అసలు చేతిలో ఉన్నది 6 డెసిబెల్ మాత్రమే. పెద్ద వాన పడి ఆకులన్నీ తడిసి ముద్దయితే ఆ 6 పోవడం ఎంతసేపు?

నోడ్‌కేమో తన మాట వినపడటం లేదని తెలియదు. 64 మెసేజ్‌ల పాటు సర్వర్ నుంచి ఏమీ రాకపోతే "ఉన్నావా" అని అడుగుతుంది. ఇంకో 32 మెసేజ్‌లు చూసి, అప్పటికీ జవాబు లేకపోతే పవర్ పెంచుకుంటుంది, లేదా ఎస్‌ఎఫ్ ఒక మెట్టు ఎక్కి నెమ్మదిగా మాట్లాడుతుంది. 96 మెసేజ్‌లు, అరగంటకొకటి. 48 గంటలు. లెక్క సరిపోయింది.

---

యాంటెన్నా_తాత | అక్టోబరు 13, ఉదయం 11:45

మైక్రోయాంప్ గారు చెప్పింది సరైనదే, చిన్న సవరణ. ఆ లెక్క వాన మొదలైనప్పటి నుంచి కాదు, ఆఖరిసారి సర్వర్ నుంచి జవాబు వచ్చినప్పటి నుంచి మొదలవుతుంది. అందుకే 29 ఒకచోట, 43 ఒకచోట. అరగంటకో మెసేజ్ అయితే ఈ మౌనం సుమారు 16 గంటల నుంచి 48 గంటల మధ్య ఎంతైనా ఉండవచ్చు. రెండూ ఆ లోపే ఉన్నాయి.

నేను టెలికం శాఖలో 34 ఏళ్లు పని చేసి రిటైరయ్యాను. ఏడీఆర్‌ను తిట్టే ముందు ఒకటి అడుగుతాను. బాబూ, నీ నోడ్ల యాంటెన్నా నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది?

---

పుట్లూరు_చీనీ | అక్టోబరు 13, మధ్యాహ్నం 1:20

సార్, డబ్బాను చెట్టు మొదలుకే కట్టాను, నేల నుంచి మీటరు ఎత్తు ఉంటుంది. ఎండ తగలకుండా నీడలో ఉంటుందని. యాంటెన్నా డబ్బాలోనే ఉంది (బోర్డుతో వచ్చిన చిన్న స్ప్రింగు లాంటిది). మిద్దె మీద గేట్‌వే యాంటెన్నా 9 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్ల ట్యాంకు పక్కన.

---

యాంటెన్నా_తాత | అక్టోబరు 13, సాయంత్రం 4:30

అదీ సంగతి.

866 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 34.6 సెంటీమీటర్లు. చీనీ చెట్టంటే నిండా ఆకు, ఆకు నిండా నీరు. మీ నోడ్లు మూడు నాలుగు మీటర్ల ఎత్తు గుబురు కింద కూర్చుని, వరుస వెనక వరుస దాటుకుంటూ మాట్లాడాలి. గట్టు మీద ఉన్నవాటికి ఆ బాధ లేదు, అందుకే అవి బతికాయి. "10 కిలోమీటర్లు వస్తుంది" అని పెట్టె మీద రాసేది ఖాళీ మైదానం లెక్క, తోట లెక్క కాదు.

ఇంకోటి. రేడియో తరంగం గీత గీసినట్టు వెళ్లదు, మధ్యలో ఉబ్బి కోలగా ఉంటుంది. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటాం. 1.4 కిలోమీటర్లకు మధ్యలో దాని వ్యాసార్ధం దాదాపు 11 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే ఆరున్నర మీటర్ల పైచిలుకు, అడ్డం లేకుండా ఉండాలని మా పాత నియమం. ఇప్పుడు మీ రెండు యాంటెన్నాల మధ్య గీత నడిమధ్యలో నేలకు 5 మీటర్ల ఎత్తులో ఉంది. నోడ్ యాంటెన్నా 5 మీటర్లకు లేపితే అది 7 మీటర్లవుతుంది. కింద వేరుశనగే కాబట్టి సరిపోతుంది. చెట్ల పైకి వచ్చేస్తారు కూడా, ఒక దెబ్బకు రెండు పిట్టలు.

ట్యాంకు పక్కన పెట్టడం కూడా తప్పే. ప్లాస్టిక్ ట్యాంకే కదా అనుకుంటారు, లోపల వెయ్యి లీటర్ల నీళ్లున్నాయి. దాన్నుంచి రెండు మీటర్లు జరపండి, లేదా ట్యాంకు కంటే పైకి ఎత్తండి.

---

నూజివీడు_మామిడి | అక్టోబరు 13, రాత్రి 8:00

తాతగారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా మామిడి చెట్లు ముసలివి, పెద్దవి, వాటిపైకి పైపు లేపడం కుదరదు. అందుకే తోట మధ్యలో పాత బోరు షెడ్డు మీద ఇంకో గేట్‌వే పెట్టుకున్నాం. దానికి ఇంటర్నెట్ ఎలా అంటారా, ఒక 4జీ డాంగిల్. జియోమెట్రీ మారగానే అన్నీ ఎస్‌ఎఫ్ 7కి దిగాయి.

ఒక సందేహం. 5 మీటర్ల ఇనుప పైపు పాతితే పిడుగులు పిలిచినట్టు కాదా?

---

యాంటెన్నా_తాత | అక్టోబరు 13, రాత్రి 8:40

చెట్టు కంటే మీటరు పైకి ఉన్న పైపు పిడుగును ప్రత్యేకంగా పిలవదు, కానీ పడితే ఆ నోడ్ పోతుంది. రెండు వేల రూపాయల నోడ్ అని సరిపెట్టుకోవచ్చు. గేట్‌వే సంగతి అలా కాదు, దాని తీగ మీ ఇంట్లోకి వస్తుంది. యాంటెన్నా తీగకు సర్జ్ అరెస్టర్ (పిడుగు పోటును నేలలోకి మళ్లించేది) పెట్టి, దాన్ని సరైన ఎర్త్‌కు కలపండి. ఇది ఐచ్ఛికం కాదు.

---

మైక్రోయాంప్ | అక్టోబరు 13, రాత్రి 9:15

పైపు మీద పెట్టేటప్పుడు బోర్డును కింద ఉంచి యాంటెన్నా తీగ ఒక్కటే పైకి లాగకు బ్రో. ఆర్‌జీ 174 లాంటి సన్న తీగ ఈ బ్యాండులో మీటరుకు దాదాపు 1 డెసిబెల్ మింగేస్తుంది. బోర్డు పైన, సెన్సర్ తీగ కిందికి. నీ సెన్సర్ అనలాగ్‌ది కాబట్టి 5 మీటర్ల తీగలో రీడింగ్ ఊగుతుంది. కింద చిన్న కన్వర్టర్ పెట్టి ఆర్‌ఎస్ 485 (పొడవు తీగలోనూ రీడింగ్ చెడని డిజిటల్ పద్ధతి) మీద పైకి పంపు.

యాంటెన్నా కొనేటప్పుడు 868 అని రాసి ఉన్నది తీసుకో. ఆన్‌లైన్‌లో 915 బోర్డులు కూడా అంటగడతారు. అది మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడే బ్యాండ్ కాదు. మనకు మొదట 865 నుంచి 867 దాకా ఉండేది, 2021లో 868 దాకా పెంచారు. ఇంకో మాట, యాంటెన్నా బిగించకుండా ఎప్పుడూ కరెంటు ఇవ్వొద్దు, ట్రాన్స్‌మిటర్ కాలిపోతుంది. నేను రెండు కాల్చాను.

5వ నోడ్ సంగతి వేరే అనుకుంటా. దాని బ్యాటరీ వోల్టేజ్ పోకముందు ఎంత ఉంది?

---

పుట్లూరు_చీనీ | అక్టోబరు 14, ఉదయం 6:50

5వది: పోకముందు 4 రోజుల్లో 3.9 నుంచి 3.3కి పడిపోయింది. ఆ వారమంతా మబ్బు. సెల్ మీద మాత్రం 9900 ఎంఏహెచ్ అని ఉంది. అందుకే బ్యాటరీ మీద అనుమానం రాలేదు.

---

మైక్రోయాంప్ | అక్టోబరు 14, ఉదయం 7:05

😂😂 9900!

18650 సైజు సెల్‌లో మంచి కంపెనీలవే మూడున్నర వేలు దాటడం కష్టం. 9900 అని రాశారంటే లోపల వెయ్యి ఉంటే నీ అదృష్టం. తూకం వేసి చూడు, అసలుది 45 గ్రాముల చుట్టూ ఉంటుంది.

బోర్డు కూడా దొంగే. ఈఎస్‌పీ32 నిద్రలో మైక్రోయాంప్‌లే తాగుతుంది, నిజమే. కానీ చవక బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజ్ సర్దే చిప్) ఒక్కటే ఏ పనీ చేయకుండా 5 మిల్లీయాంప్‌లు తాగుతుంది. యూఎస్‌బీ చిప్, ఎర్ర లైటు కలిపితే 8, 9 అవుతుంది. వెయ్యి ఎంఏహెచ్ సెల్ ఎండ లేకపోతే ఐదు రోజులు కూడా రాదు. నీ ప్యానెల్ ఏమో చెట్టు నీడలో ఉంది.

లైటు పీకేయ్. రెగ్యులేటర్ తీసి ఎంసీపీ1700 పెట్టు. దాని నిద్ర ఖర్చు 2 మైక్రోయాంప్‌ల లోపే. సెల్ కూడా మామూలు లిథియం అయాన్ వద్దు, ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) తీసుకో. మీ అనంతపురం మే నెల ఎండలో మూసిన డబ్బా లోపల వేడికి మామూలు సెల్‌ను ఛార్జ్ చేయడం మంచిది కాదు.

---

చెరువుగట్టు | అక్టోబరు 14, రాత్రి 9:30

రెండు రోజుల నుంచి చదువుతున్నా. రేడియో కథ అర్థమైంది. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ తేమ సెన్సర్ ఎక్కడ పాతినవ్ అన్నా? ఎంత లోతు? డ్రిప్పర్‌కు ఎంత దూరం?

---

పుట్లూరు_చీనీ | అక్టోబరు 14, రాత్రి 10:00

డ్రిప్పర్ పక్కనే, ఒక జానెడు దూరం. లోతు 10 సెం.మీ. రెండూ అక్కడక్కడే.

---

చెరువుగట్టు | అక్టోబరు 14, రాత్రి 10:30

అయితే సిగ్నల్ బాగు చేసుకుని తప్పు నంబర్ తొందరగా తెప్పించుకుంటరు 🙏 కోపం తెచ్చుకోకు తమ్మీ.

డ్రిప్పర్ కింద ఎప్పుడూ తడే ఉంటది. పై 10 సెంటీమీటర్లు రెండు ఎండలకే ఆరుతది. రెండూ చెట్టు సంగతి చెప్పవు. బత్తాయికి నీళ్లు తాగే వేళ్లు ఎక్కువగా పై అడుగు, అడుగున్నరలో ఉంటయి, కొమ్మల అంచు దాకా పాకుతయి. మా దగ్గర ఒక కంపెనీ వాళ్లు ప్రయోగానికని పెట్టి పోయిన సెన్సర్ చెట్టు మొదట్లో ఉండె. అది ఎప్పుడు చూసినా "నీళ్లు చాలు" అనేది. దాన్ని నమ్మి నీళ్లు తగ్గిస్తే పిందె రాలింది. అందుకే నాకు ఈ డబ్బాలంటే చిరాకు.

---

నూజివీడు_మామిడి | అక్టోబరు 15, ఉదయం 9:10

@చెరువుగట్టు గారి పోస్టును పైన పిన్ చేయాలి.

మేం చేసేది: ఒకే చోట రెండు లోతులు. ఒకటి 25 నుంచి 30 సెం.మీ., ఇంకోటి 60. డ్రిప్పర్‌కు అడుగు దూరంలో, కొమ్మల నీడ లోపల. పైదాన్ని చూసి నీళ్లు ఎప్పుడు పెట్టాలో తెలుస్తుంది. కిందిదాన్ని చూసి ఎప్పుడు *ఆపాలో* తెలుస్తుంది. మోటారు వేసిన ప్రతిసారీ 60లో తేమ పెరుగుతోందంటే నీళ్లు వేళ్లను దాటి కిందికి పోతున్నాయని అర్థం. మొదటి నెలలోనే మేం ఎంత అనవసరంగా పెడుతున్నామో కనపడింది. నీళ్లు ఎక్కువైతే మీ చీనీకి వేరుకుళ్లు భయం ఉండనే ఉంది.

ఎర్ర నేల ఒకచోట, గరప ఒకచోట ఉంటే రెండుచోట్లా పెట్టండి. అన్నీ ఒకే నేలలో ఆరు నోడ్లు పెట్టేకన్నా రెండు నేలల్లో రెండు నోడ్లు నయం.

---

మైక్రోయాంప్ | అక్టోబరు 15, ఉదయం 10:00

ఆ చవక కెపాసిటివ్ పలకల అంచులకు పూత ఉండదు. నెలలో నీళ్లు పీల్చుకుని రీడింగ్ జరిగిపోతుంది. అంచులన్నిటికీ ఎపాక్సీ గానీ, ఏమీ లేకపోతే గోళ్ల రంగు గానీ రెండు పూతలు వేయి. పైన చిప్‌లు ఉన్న భాగం ష్రింక్ ట్యూబులో మూసేయ్.

నంబర్‌ను శాతంగా చూపించకు. ఆ తోట మట్టినే డబ్బాలో నింపి, బాగా తడిపి, ఒక రోజు కారనిచ్చి, అప్పటి నుంచి రోజూ తూకం, రీడింగ్ రెండూ రాసుకో. పూర్తిగా ఆరేదాకా. ఆ గీతే నీ మట్టికి కొలబద్ద. వేరేవాళ్ల గీత అరువు తెచ్చుకుంటే పనికిరాదు.

---

యాంటెన్నా_తాత | అక్టోబరు 15, మధ్యాహ్నం 12:15

బెట్ట కోసమైతే టెన్షియోమీటర్ (మట్టి నీటిని ఎంత గట్టిగా పట్టుకుందో సెంటీబార్లలో చూపేది, అంకె పెరిగితే నేల ఆరినట్టు) మంచిదని ఎవరైనా చెబితే వినకండి. అది 80 సెంటీబార్ల దగ్గర గాలి పీల్చుకుని చేతులెత్తేస్తుంది, మీకు అసలు కావలసింది అక్కడి నుంచే మొదలు. జిప్సం కలిసిన వాటర్‌మార్క్ రకం సెన్సర్ 200 సెంటీబార్ల దాకా చెబుతుంది. ఒక్క చోటైనా అది పెట్టుకోండి. (రేడియో మనిషికి ఇవన్నీ ఎందుకంటే, మా అల్లుడికి దానిమ్మ తోట ఉంది.)

---

పుట్లూరు_చీనీ | నవంబరు 10, రాత్రి 9:00

దీపావళికి పది రోజులు ఊళ్లో ఉండి అంతా మార్చాను.

ఆరు నోడ్లను నాలుగు చేశాను. రెండు ఎర్ర నేలలో, రెండు కింది మడిలో, నీళ్లు పట్టి ఉంచే బరువు నేలలో. 5 మీటర్ల జీఐ పైపులు, పైన డబ్బా, దాని మీద బాహ్య యాంటెన్నా. గేట్‌వేను ట్యాంకు పక్క నుంచి తీసి మెట్ల గది మీద పెట్టాను, ఎర్త్ వేయించాను. ఎస్‌ఎన్‌ఆర్ సగటు -4 ఉన్న చోటే ఇప్పుడు +6. మార్జిన్ 10 నుంచి 15కి పెంచాను. గత వారం మంచి వాన పడింది, ఒక్క మెసేజ్ కూడా పోలేదు.

9900 సెల్ తూకం వేశాను. 31 గ్రాములు. కోసి చూడలేదు, ధైర్యం చాలలేదు.

సెన్సర్లు 30, 60 లోతుల్లో పాతాం. గుంతలు తవ్వింది నాయనే. 60 దగ్గర తవ్వుతుంటే బరువు నేలలో మట్టి పిడికిలికి ముద్ద కట్టింది, నీళ్లు పెట్టి అప్పటికి ఆరు రోజులు. పైన మాత్రం పొడి. "కింద ఇంత తడి పెట్టుకుని పైన నీళ్లు పెడుతున్నానా" అని ఆ మడికి ఆ రోజే వాల్వు కట్టేశాడు. గ్రాఫ్ ఇంకా మొదలే కాలేదు!

---

చెరువుగట్టు | నవంబరు 10, రాత్రి 9:25

గుంత తవ్వడమే పెద్ద సెన్సర్ అన్నమాట 😀 బెట్టకు వదిలినంక నంబర్లు పెట్టు తమ్మీ. ఎర్ర నేల, బరువు నేల రెండూ పక్కపక్కన చూడాలని ఉంది.

---

పుట్లూరు_చీనీ | జనవరి 6, రాత్రి 8:45

మాట ప్రకారం. డిసెంబరు 5న నీళ్లు ఆపాం. ఎర్ర నేలలో 30 లోతున వాటర్‌మార్క్ 15 రోజులకు 90 సెంటీబార్లు, 60 లోతున 55. ఆకులు వాడి, ముడుచుకోవడం మొదలైంది. కింది మడిలో అదే రోజుకు 30 లోతున 48, 60 లోతున 20. చెట్లు పచ్చగా నవ్వుతున్నాయి. ప్రతి ఏడూ తోట మొత్తానికి ఒకే రోజు నీళ్లు వదిలేవాళ్లం, కింది మడిలో పూత ఎందుకు పలచగా వస్తుందా అని తలబాదుకునేవాళ్లం.

ఈసారి ఎర్ర నేల ఉన్న పై తోటకు డిసెంబరు 27న ఎరువు వేసి నీళ్లు ఇచ్చాం. కింది మడి ఇంకా బెట్టలోనే ఉంది, ఈ రోజు 30 లోతున 84. ఎన్ని రోజులు ఉంచాలన్నది నాయన ఆకు చూసే చెబుతాడు, నంబర్ చూసి కాదు. కానీ పొద్దున ఫోన్ చేసి నంబర్ అడుగుతున్నాడు.

---

నూజివీడు_మామిడి | జనవరి 6, రాత్రి 9:30

భలే. ఇప్పుడు మోటారును కూడా దీనికే కలిపి ఆటోమేటిక్ చేసేయొచ్చుగా?

---

పుట్లూరు_చీనీ | జనవరి 6, రాత్రి 10:10

వద్దండీ. ఒక సెన్సర్ తీగను ఎలుక కొరికితే అది "పూర్తిగా ఎండిపోయింది" అని చెబుతుంది. బెట్ట మధ్యలో మోటారు దానంతట అది తిరిగితే ఏడాది పూత పోయినట్టే. మోటారు బటన్ నాయన దగ్గరే ఉంటుంది.

---

మైక్రోయాంప్ | జనవరి 6, రాత్రి 10:20

ఎలుక ఊహేనా, జరిగిందా?

---

పుట్లూరు_చీనీ | జనవరి 6, రాత్రి 10:24

2వ నోడ్, నిన్న. తీగకు పీవీసీ గొట్టం తొడుగుతున్నా, ఆదివారం ఫొటో పెడతా.